అందరికీ సమానంగా మంచు

బ్రాకెన్ ఫాల్స్ నగరంలో పోలవరపు పట్టాభిరామయ్యకు ఒక్క మాట అంటే పడేది కాదు. "ఇక్కడ కూడా మన ఊళ్లో లాగానే ఉందండీ" అని ఎవరన్నా అంటే ఆయనకు ఒళ్లు మండేది. తెనాలి మున్సిపల్ ఆఫీసులో కొంతకాలం గుమాస్తాగిరీ వెలగబెట్టి, ఆ ఫైళ్లకీ ఆ దుమ్ముకీ ఒక నమస్కారం పెట్టి అమెరికా వచ్చిన మనిషి ఆయన. వచ్చిన దగ్గర్నుంచి రోజుకు నాలుగుసార్లయినా 'సిస్టమ్' అన్న మాట ఆయన నోట వినపడాల్సిందే. మంగళవారం రావాల్సిన చెత్తబండి మంగళవారమే వస్తే అది సిస్టమ్. రాత్రంతా మంచు కురిసినా తెల్లారేసరికి రోడ్డు నల్లగా కనపడితే అది మహా సిస్టమ్.

"బండివాడు చీకటితో లేచి తోశాడు కాబట్టి కనపడుతోంది. మధ్యలో ఈ సిస్టమ్ ఎవరండీ?" అనేది ఆయన భార్య సామ్రాజ్యమ్మ.

ఆ ఊరివాళ్లకు నోరు తిరగక పట్టాభిరామయ్య పాట్ అయ్యాడు, సామ్రాజ్యమ్మ శామ్ అయింది. పాట్, శామ్ కలిసి ముప్పయ్యేళ్లు సాండ్‌విచ్ కొట్టు నడిపి, దాన్ని అమ్మేసి, ఫెర్న్ లేన్ అనే చిన్న వీధిలో ఇల్లు కొనుక్కుని విశ్రాంతి తీసుకుంటున్నారు. విశ్రాంతి అన్నది పట్టాభిరామయ్య మాట. సామ్రాజ్యమ్మకు ఆ అలవాటు లేదు.

చలికాలంలో ఆవిడకు ఒకటే పట్టింపు. నెల పట్టిందంటే, అంటే ధనుర్మాసం వచ్చిందంటే, పొద్దున్నే వాకిట్లో ముగ్గు ఉండి తీరాలి. బ్రాకెన్ ఫాల్స్‌లో ఆ రోజుల్లో ముగ్గు సంగతి అటుంచి వాకిలి కనపడటమే గగనం. మోకాలి లోతు మంచు. అయినా ఆవిడ రెండు స్వెట్టర్లు, ఒక మంకీ క్యాపు, పైన మొగుడి పాత కోటు తగిలించుకుని, పార పుచ్చుకుని, కారు పెట్టుకునే సిమెంటు జాగా అంతా నేల తేలేదాకా గోకి, బియ్యప్పిండితో మెలికల ముగ్గు వేసేది. ఆ ఊపులోనే పక్కింటి డోరతీ వాకిలి కూడా గోకి, అక్కడా ఒక చిన్న పద్మం పెట్టి వచ్చేది.

డోరతీకి ఎనభై దాటాయి. ఒంటరి మనిషి. నలభై ఏళ్లుగా చర్చిలో ఆర్గన్ వాయిస్తోంది. ఇప్పుడు రెండు కళ్లకూ శుక్లాలు ముదిరి స్వరాల పుస్తకం మీద అక్షరాలు అలుక్కుపోతున్నాయి. కొత్తగా వచ్చిన పాస్టరు మీట నొక్కితే తనంతట తనే వాయించుకునే యంత్రం ఒకటి తెప్పించి, గుడ్డ కప్పి, ఆర్గన్ పక్కనే పెట్టించాడు. క్రిస్మస్ నాటికి ఒక కన్నన్నా బాగుపడకపోతే ఆ గుడ్డ తీసేస్తారని డోరతీకి తెలుసు. ఎన్నో నెలలు ఎదురుచూశాక క్రిస్మస్ ముందు గురువారం పొద్దున తొమ్మిదింటికి ఆపరేషన్ అన్నారు. అది తప్పితే మళ్లీ ఏప్రిల్ అన్నారు. కారులో నేను తీసుకెళ్తానని సామ్రాజ్యమ్మ మాటిచ్చింది.

"కట్టు విప్పగానే ముందు నీ ముగ్గు చూడాలి శామ్," అనేది డోరతీ. "ఇప్పటికైతే ఎవరో పాలు ఒలకబోసి తుడవకుండా పోయినట్టు కనపడుతోంది."

ఇది ఇలా ఉండగా ఆ ఏడాది నగరానికి న్యాయం సోకింది.

అంతకుముందు బ్రాకెన్ ఫాల్స్‌లో మంచు తీసే పద్ధతి చాలా మోటుగా ఉండేది. నగరానికి ఉన్నవి అయిదు బళ్లు. ముందు హాస్పిటల్ రోడ్డు తోసేవారు, తరవాత స్కూలు రోడ్డు, తరవాత జారుడు వాలున్న వీధులు, ఆఖరికి మిగతావి. మేయరు ఇంటి వీధి మిగతావాటిలోకి వచ్చేది. దీని మీద ఎవరూ ఏనాడూ ఆలోచించలేదు. ఆలోచించకపోవడమే అసలు తప్పని సముద్రం ఒడ్డున ఉన్న ఒక మహానగరం నుంచి వచ్చిన సలహాదారులు తేల్చారు. వాళ్ల ఊళ్లో మంచు పడదు కాబట్టి విషయాన్ని నిష్పక్షపాతంగా చూడగలిగారు. ఒక వీధిని ముందు తోసి మరొక వీధిని తరవాత తోయడం వల్ల దశాబ్దాల తరబడి 'ముందుతనం' పేరుకుపోయిందని, దాని బరువు కింద వెనక వీధులు మూలుగుతున్నాయని వాళ్లు రాశారు. చదివి మేయరుగారు టీవీలో కళ్లు తుడుచుకున్నారు. అది ఎన్నికల ఏడాది.

వెంటనే మంచు సమన్యాయ మండలి ఏర్పడింది. దానికి ప్రధానాధికారిగా డాక్టర్ ప్రిసిల్లా హోల్‌బ్రూక్ వచ్చింది. ఆవిడ డాక్టరేటు దేని మీదో ఎవరూ అడగలేదు. అడగడం మర్యాద కాదని నియమావళిలోనే ఉంది. మండలిలో అన్ని రకాల జీవితానుభవాలకూ చోటుండాలన్నారు. మంచు ఇష్టమున్నవారు, మంచంటే భయమున్నవారు, మంచులో జారి పడ్డవారు దొరికారు గానీ మంచు ఎరగకుండా పెరిగినవారు ఒక్కరూ దొరకలేదు. వెతగ్గా వెతగ్గా ఫెర్న్ లేన్‌లో పాట్ దొరికాడు.

"మిస్టర్ పాట్," అంది హోల్‌బ్రూక్ ఫోన్లో, "బాల్యమంతా మంచు లేమితో గడిపిన ప్రజల గళం మీరు. మీ మౌన వేదన ఈ మండలికి దిక్సూచి."

పట్టాభిరామయ్యకు తెనాలిలో మంచు లేనందుకు ఏనాడూ వేదన కలగలేదు. అయినా అమెరికా ప్రభుత్వం తనను పిలిచి కుర్చీ వేస్తానంటోంది. తెనాలిలో పదేళ్లు పనిచేసినా ఆయనకు చేతులున్న కుర్చీ రాలేదు.

"చూశావా సామ్రాజ్యం, సిస్టమ్ అంటే ఇదీ. ఎక్కడో మూలనున్న మనల్ని వెతుక్కుంటూ వచ్చింది."

"మంచు గురించి చెప్పడానికి మంచు తెలీనోళ్లు కావాలన్నారా?"

"అదే కదా గొప్పతనం."

"అట్టాగా," అని ఆవిడ పప్పులో తాలింపు వేసింది.

మొదటి సమావేశంలో ముందుగా, మనకంటే ముందు ఈ నేల మీద పడి కరిగిపోయిన మంచుకు ఒక నిమిషం మౌనం పాటించారు. తరవాత హోల్‌బ్రూక్ లేచి తీర్మానం చదివింది. ముందు అన్నది ఉన్నంతకాలం వెనక అన్నది ఉంటుంది. కనుక ఇకమీదట ఏ వీధినీ మరొక వీధి కంటే ముందు తోయరాదు. అన్ని వీధులనూ ఏకకాలంలో తోయవలెను.

"అన్ని వీధులకీ సరిపడా బళ్లు ఉన్నాయాండీ?" అని అడిగాడు పట్టాభిరామయ్య, గుమాస్తా బుద్ధి పూర్తిగా చావక.

హోల్‌బ్రూక్ చాలా దయగా నవ్వింది. "బళ్ల సంఖ్య అనేది అమలుకు సంబంధించిన స్వల్ప విషయం. ఇక్కడ మనం విలువల స్థాయిలో ఉన్నాం. సరిపడినన్ని వాహనాలు సమకూరేవరకు ఏ వాహనమూ కదలకపోవడమే సంపూర్ణ సమానత్వం. ఎవరికీ అన్యాయం జరగని తొలి శీతాకాలం ఇది."

అందరూ చెయ్యెత్తారు. పట్టాభిరామయ్య కూడా ఎత్తాడు. పక్కవాళ్లందరూ ఎత్తాక ఎత్తకపోతే బాగుండదని ఎత్తాడు. ఎత్తాక తనేదో మంచిపనే చేశానని నమ్మాడు. మర్నాడు స్థానిక పత్రికలో మండలి ఫోటో పడింది. అందులో అందరికంటే పైకి లేచి ఉన్న చెయ్యి ఆయనదే. సామ్రాజ్యమ్మ దాన్ని కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. భార్య మురిసిపోయిందనుకున్నాడాయన.

నవంబరు ఆఖర్లో మొదటి మంచు పడింది. అయిదు బళ్లూ యార్డులో సమానంగా నిలబడ్డాయి. వీధులన్నీ సమానంగా మునిగాయి. టీవీలో మైకు పట్టుకున్నాయన నడుం లోతు మంచులో నిలబడి, నగరంలో అసమానత సున్నాకు పడిపోయిందని చెప్పాడు. రొట్టె దొరకడం లేదన్న ఒకావిణ్ణి మంచే లేదనే మంచు నిరాకరణవాది అన్నారు. ఆవిడ పాపం మంచు ఉందనే అంటోంది.

పట్టాభిరామయ్య కిటికీలోంచి వీధి వంక చూసి, కొత్తలో ఏ సిస్టమయినా కాస్త తడబడుతుందని తనకు తాను చెప్పుకున్నాడు. తెనాలిలో కూడా పై అధికారులు ఆ మాటే అనేవారని గుర్తొచ్చి కర్టెను వేసేశాడు.

నెల పట్టిన రోజునే జరిగిన రెండో సమావేశానికి హోల్‌బ్రూక్ ఒక ఫోటోతో వచ్చింది. ఆ పొద్దున్నే పైనుంచి తీసిన ఫోటో. ఊరంతా తెల్లగా ఉంది. ఫెర్న్ లేన్‌లో మాత్రం రెండు ఇళ్ల ముందు నల్లటి చదరాలు ఉన్నాయి.

"మిత్రులారా, ఇది చూస్తే నా గుండె తరుక్కుపోతోంది. ఎవరో స్వయంగా పార పట్టారు. పార పట్టగల దేహబలం, తెల్లవారుజామున లేవగల క్రమశిక్షణ, పొరుగువారి వాకిలి కూడా తీసే తీరిక అందరికీ ఉన్నాయా? లేవు. కనుక ఇది వ్యక్తిగత శ్రమ ముసుగులో ప్రబలుతున్న అసమానత."

పట్టాభిరామయ్య ఆ ఫోటోలో ఎడమవైపు చదరాన్ని గుర్తుపట్టాడు. అందులో తన పాత కోటు వేసుకున్న ఒక చుక్క కూడా ఉంది.

"దీన్ని సరిదిద్దడానికి రెండు మార్గాలు," అంది హోల్‌బ్రూక్. "ఎక్కువ ఉన్నచోట తీయడం. దానికి మనకు వనరులు లేవు. తక్కువ ఉన్నచోట వేయడం. దానికి ఉన్నాయి. మంచు పూరణ పథకాన్ని ప్రతిపాదిస్తున్నాను. పొరుగువారి సగటు ఎంతో కొలిచి, లోటున్న వాకిళ్లకు నగరమే తన ఖర్చుతో మంచు సరఫరా చేస్తుంది."

చేతులు లేచాయి. హోల్‌బ్రూక్ చూపు వచ్చి పట్టాభిరామయ్య మీద ఆగింది. "మంచు లేమి అంటే ఏమిటో మీకంటే ఎవరికి తెలుసు మిస్టర్ పాట్?" అంది ఆప్యాయంగా. ఆయన చెయ్యి దానంతటదే లేచింది. తన భార్య ముగ్గు మీద మంచు పోయించడానికి తనే చెయ్యెత్తానని ఆయనకు తెలుసు. దించడానికి ధైర్యం చాలలేదు. ఇంటికొచ్చి ఆ మాట భార్యకు చెప్పడానికి కూడా చాలలేదు.

నెల పట్టిన మర్నాడు పొద్దున్నే వీధి చివర ఉరిమినట్టు చప్పుడైంది. యార్డులో నిలబెట్టిన అయిదింటిలో ఒక నారింజరంగు ట్రక్కు, ముందున్న ఇనప రెక్క నేలకి ఆనించి, మంచును రెండుపక్కలకీ చీల్చుకుంటూ వచ్చి వీళ్ల ఇంటి ముందు ఆగింది. దాని వెనకే, వారం రోజులుగా మొహం చాటేసిన పోస్టుబండి నింపాదిగా వచ్చి ఉత్తరాలు వేసి పోయింది. పట్టాభిరామయ్య ఆ ఉత్తరాలు చూసి సంతోషించాడు గానీ అంతకుమించి బుర్ర పెట్టలేదు. ట్రక్కు వెనక్కి తిరిగి, తొట్టి ఎత్తి, సామ్రాజ్యమ్మ అప్పుడే వేసిన ముగ్గు మీద గుట్టెడు మంచు దభీమని పోసింది. డ్రైవరు గస్ దిగొచ్చాడు. భారీ మనిషి, ఎర్రటి గడ్డం.

"క్షమించండి మేడమ్. సంతకం చెయ్యాలి. మంచు ముట్టినట్టు."

సామ్రాజ్యమ్మ చేతిలో ముగ్గు గిన్నె అట్లాగే ఉంది. ఆవిడ గుట్ట వంక చూసింది, గస్ వంక చూసింది, వాకిట్లో నిలబడి చెప్పులు వెతుక్కుంటున్న మొగుడి వంక చూసింది.

"ఆయన చేస్తాడులే సంతకం. ఆయన మండలిలో పెద్దమనిషి."

ఆ రోజు పట్టాభిరామయ్యకు కాఫీ రాలేదు. అడుగుదామని వంటింట్లోకి వెళ్తే ఫ్రిజ్ మీద తన ఫోటో కనపడింది, చెయ్యెత్తి. అప్పటికి ఆయనకు అర్థమైంది, భార్య దాన్ని ఎందుకు అంటించిందో.

"ముగ్గు పోతే పోయిందిలెండి, రేపు మళ్లీ గోక్కుంటా," అంది సామ్రాజ్యమ్మ చివరికి, అటు తిరిగే. "డోరతీ సంగతేంటి? గురువారం ఆమెని ఎట్టా తీసుకుపోవాలి? ఈలోపు మళ్లీ కురిస్తే రోడ్డు మీద కారు కదలుద్దా? ఆ ముసలామె నా మాట నమ్ముకుని ఉంది. మీరే పోయి ఆ హోల్‌బ్రూకమ్మతో మాట్టాడండి. మీ సిస్టమే కదా."

మర్నాడు ఆయన ట్రక్కు తిరగని వీధుల మీదుగా మంచులో ఈదుకుంటూ మండలి ఆఫీసుకి చేరాడు. హోల్‌బ్రూక్ ఆయనకు వేడి వేడి గడ్డి టీ ఇచ్చి, విషయం మొత్తం కళ్లు మూసుకుని విన్నది.

"గురువారం ఒక్కరోజు ఫెర్న్ లేన్ నుంచి హాస్పిటల్ దాకా ఒక్కసారి బండి తిప్పితే చాలండీ. పెద్దావిడ. చూపు పోతుంది."

"మీ బాధను నేను గౌరవిస్తున్నాను మిస్టర్ పాట్. కానీ హాస్పిటల్‌కి వెళ్లే దారికి ప్రాధాన్యమిస్తే, వెళ్లని దారులకు మనం ఏ సందేశం పంపుతున్నాం? అత్యవసరం అన్న మాటలోనే హెచ్చుతగ్గులు దాగి ఉన్నాయి."

"పోనీ అంబులెన్సు?"

"ప్రాణాపాయానికి మాత్రమే. చూపు అనేది ప్రాణం కాదు కదా. ఇంకా లోతుగా ఆలోచిస్తే, స్పష్టంగా చూడటమే మేలు అనే భావనను కూడా మనం పునఃపరిశీలించాలి." ఆవిడ డైరీ తిరగేసింది. "ఆ వృద్ధురాలి మనోవేదనను సామూహికంగా ఆలకించడానికి ఒక శ్రవణ వలయం ఏర్పాటు చేస్తాను. గురువారం ఉదయం తొమ్మిదింటికి ఖాళీ ఉంది. కంప్యూటర్‌లో చేరవచ్చు."

"అదే టైముకండీ ఆవిడ ఆపరేషన్."

"ఎంత చక్కటి యాదృచ్ఛికం," అంది హోల్‌బ్రూక్.

ఆయన బయటికొచ్చి మెట్లు దిగాడు. తెనాలి ఆఫీసులో కూడా జనాన్ని తిప్పేవాళ్లు. రేపు రమ్మనేవాళ్లు, సారు లేడనేవాళ్లు, చెయ్యి చాపేవాళ్లు. కానీ తిప్పుతున్నామని వాళ్లకీ తెలుసు, తిరుగుతున్నామని వీళ్లకీ తెలుసు. పని చెయ్యకపోవడం నీ మంచికేనని గడ్డి టీ ఇచ్చి చెప్పినవాడు మాత్రం లేడు. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. ముప్పయ్యేళ్లు ఎవరి తరపున మన ఊరివాళ్లతో పోట్లాడాడో వాళ్లే ఆయన్ను చిన్నబుచ్చారు.

ఇంటికొచ్చేసరికి డోరతీ తన వరండాలో కూర్చుని, ఒళ్లో చెక్కపలక పెట్టుకుని, దాని మీద వేళ్లు ఆడిస్తోంది. చూడకుండా వాయించడం సాధన చేస్తోంది. "ఒకవేళ వెళ్లలేకపోతే పనికొస్తుందని," అంది నవ్వుతూ. ఒకచోట వేలు తప్పింది కాబోలు, ఆగి, మళ్లీ మొదటికి వచ్చింది. పట్టాభిరామయ్య ఆ చేతుల వంక చూడలేక గేటు దగ్గర్నుంచే లోపలికి వెళ్లిపోయాడు.

బుధవారం సాయంత్రం నుంచి మళ్లీ కురిసింది. గస్ ట్రక్కు చేసిన దారి పూడిపోయింది. గురువారం ఇంకా వెలుతురు సరిగా రాకముందే సామ్రాజ్యమ్మ కిటికీ దగ్గర నిలబడి, "రెండు అడుగులు ఉంది. ముసలామెని వీపున మోసుకుపోనా?" అంది. ముప్పయ్యేళ్లలో ఆవిడ అలా మాట్లాడటం ఆయన వినలేదు.

పట్టాభిరామయ్య కూడా వీధి వంక చూస్తున్నాడు. మొన్న ట్రక్కు చీల్చిన చోట మంచు రెండుపక్కలా కాస్త ఎత్తుగా కనపడుతోంది. మధ్యలో దారి జాడ. ఆయనకు పోస్టుబండి గుర్తొచ్చింది. వారం రోజులు రానిది ఆ రోజే ఎందుకొచ్చిందో, దేని వెనక వచ్చిందో గుర్తొచ్చింది. ట్రక్కుల యార్డు ఎక్కడుందో కూడా గుర్తొచ్చింది. హాస్పిటల్ వెనక గోడకు ఆనుకునే ఉంది.

"సామ్రాజ్యం, పార ఇటు ఇవ్వు."

"ఎందుకు?"

"వాకిలి గోకాలి. మనకి మంచు తక్కువ కావాలి."

ఆవిడకు అర్థం కాలేదు గానీ మొగుడు పార పట్టడం చూడాలన్న ఆశతో ఇచ్చింది. ఆయన నడుం పట్టేసేదాకా గోకాడు. కారును వాకిట్లోంచి వీధి అంచుకు జరిపించాడు. తరవాత లోపలికొచ్చి, గొంతు సవరించుకుని, మంచు లోటు విభాగానికి ఫోన్ చేశాడు. అది తెల్లవార్లూ పనిచేసే ఏకైక విభాగం.

"నేను ఫెర్న్ లేన్ నుంచి పాట్‌ని. మండలి సభ్యుణ్ణి. మా ఇంటి ముందు తీవ్రమైన మంచు లోటు ఏర్పడిందని సిగ్గుతో మనవి చేసుకుంటున్నాను. ఇరుగుపొరుగుకంటే రెండు అడుగులు తక్కువ. ఈ ఆధిక్యాన్ని ఇక ఒక్క క్షణం కూడా భరించలేను."

అవతల ఉద్యోగిని గొంతు గద్గదమైంది. "సార్, మీ అంతట మీరే ఒప్పుకున్నారా? మా విభాగంలో ఇది మొదటిసారి. మీరు ధైర్యంగా ఉండండి. ఇప్పుడే పంపిస్తున్నాం."

కాఫీ కలిపినంతసేపట్లో వీధి చివర ఉరిమింది. గస్ నారింజరంగు ట్రక్కు హాస్పిటల్ వెనక యార్డులో బయల్దేరి, నేలకి రెక్క ఆనించి, దారిలో రోడ్లన్నీ చీల్చుకుంటూ ఫెర్న్ లేన్ దాకా వచ్చింది. దాని వెనక నల్లటి తారురోడ్డు తళతళలాడుతోంది. సామ్రాజ్యమ్మ ఆ రోడ్డు చూసింది, మొగుణ్ణి చూసింది. డోరతీ ఇంటివైపు పరుగెత్తింది.

గస్ దిగాడు. పార, గోకిన వాకిలి, వీధి అంచున వేడెక్కుతున్న కారు, కోటు వేసుకుని చెయ్యి పట్టుకుని నడిచొస్తున్న ముసలావిడ, అన్నీ ఒక్కొక్కటిగా చూశాడు.

"దారి తియ్యడానికి నాకు అనుమతి లేదు, తెలుసుగా సార్."

"తెలుసు."

"దారిలో రావడం మాత్రం నా డ్యూటీ." గడ్డం గోక్కున్నాడు. "తొమ్మిదింటికా?"

"తొమ్మిదింటికి."

"అయితే తొందరగా పోస్తాను, పక్కకు జరగండి."

మంచు పుచ్చుకునే వేళ ఇంటి యజమాని అక్కడే ఉండాలన్నది నియమం. అందుకని పట్టాభిరామయ్య ఉండిపోవాల్సి వచ్చింది. డోరతీని ముందు సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, సామ్రాజ్యమ్మ స్టీరింగ్ ముందు కూర్చుంది. అంతలో ఏదో గుర్తొచ్చి అద్దం దించింది.

"ముగ్గు పడలేదు ఇవాళ. నెల పట్టాక ముగ్గు లేకుండా ఉండకూడదు. మీరు వెయ్యండి."

"నాకు రాదే. పైగా ఆ గుట్ట మీద తెల్లముగ్గు ఏం కనపడుద్ది?"

"పసుపుతో వెయ్యండి. మధ్యలో కుంకం."

"అసలు నాకు చుక్కలు పెట్టడమే రాదంటుంటే."

"ఆ చెయ్యి ఎత్తడం వచ్చిందిగా," అంది సామ్రాజ్యమ్మ. "ఇప్పుడు కాస్త వంచండి."

కారు నల్లరోడ్డు మీద సాగిపోయింది. తొమ్మిదింటికి శ్రవణ వలయంలో హోల్‌బ్రూక్, ఇంకో ఆరుగురు కంప్యూటర్ల ముందు కళ్లు మూసుకుని డోరతీ వేదనను గంటసేపు ఆలకించారు. డోరతీ లేనందువల్ల ఎక్కడా అంతరాయం కలగలేదు.

ఆ సాయంత్రానికి గస్ ద్వారానో, డోరతీ చర్చి స్నేహితురాళ్ల ద్వారానో సంగతి ఊరంతా పాకింది. శుక్రవారం తెల్లారేసరికి బ్రాకెన్ ఫాల్స్‌లో ప్రతి గడపలోనూ అంతరాత్మ మేలుకుంది. వీధికొకరు చొప్పున లేచి, వాకిలి గోకి, తమకు మంచు తక్కువైందని ఫోన్ చేసి కుమిలిపోయారు. అయిదు బళ్లూ తొట్లు నింపుకుని, రెక్కలు దించుకుని, ఊరంతా తిరిగాయి. మధ్యాహ్నానికి తోయని వీధి లేదు. రొట్టె వచ్చింది, పాలు వచ్చాయి, స్కూలు బస్సు వచ్చింది. టీవీలో మేయరుగారు మంచు పూరణ పథకం అపూర్వ విజయం సాధించిందని, ప్రజలు స్వచ్ఛందంగా ముందుకొచ్చి మంచు అడుగుతున్నారని ప్రకటించారు. రాజధానిలో ఉపన్యాసం ఇవ్వమని హోల్‌బ్రూక్‌కు పిలుపొచ్చింది.

శుక్రవారం పొద్దున్నే డాక్టరు డోరతీ కంటికి కట్టు విప్పాడు. సామ్రాజ్యమ్మ తీసుకొచ్చి కారు దింపేసరికి పట్టాభిరామయ్య వాకిట్లోనే ఉన్నాడు. డోరతీ అక్కడే ఆగిపోయింది. చెట్టు కొమ్మలు చూసింది. తన ఇంటి నంబరు పలక చూసి, దానికి రంగు వెయ్యాలంది. సామ్రాజ్యమ్మ మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని చూసి, "ఇంత అందంగా ఉంటావని ఎవరూ చెప్పలేదే," అంది. సామ్రాజ్యమ్మ కళ్లు తుడుచుకుంది, పట్టాభిరామయ్య అటు తిరిగి చీదుకున్నాడు. తరవాత డోరతీ నగరం వారు పోసిన గుట్ట వైపు తిరిగింది. దాని మీద పసుపుతో పెద్ద ముగ్గు. ఒకవైపు నాలుగు రేకులు, ఇంకోవైపు ఆరు. మధ్యలో కుంకం పక్కకి కారిపోయింది.

ఆవిడ చాలాసేపు చూసింది. మర్యాదస్తురాలు. మాటలు వెతుక్కుంది.

"ఏమీ అనుకోకు శామ్. ఇంత వంకరగా ఉంటుందని కళ్లు కనపడనన్నాళ్లూ తెలీలేదు."

"అది నేనేసింది కాదు డోరతీ," అంది సామ్రాజ్యమ్మ. "మండలి వారు వేశారు."

ఆ క్రిస్మస్‌కు యంత్రం మీద కప్పిన గుడ్డ ఎవరూ తియ్యలేదు. ముగ్గు విషయంలో మాత్రం సామ్రాజ్యమ్మ తీర్పు మార్చలేదు. నెల పోయేదాకా మొగుడే వెయ్యాలంది. పక్కన నిలబడి చుక్క చుక్కకీ వంక పెట్టింది గానీ, కాఫీ మాత్రం మళ్లీ ఇచ్చింది.

నెలాఖరున ఒక పొద్దున ఆయన వంగి ముగ్గేస్తూ ఉండగా ఫోన్ మోగింది. సామ్రాజ్యమ్మ తెచ్చి చెవి దగ్గర పెట్టింది. అవతల హోల్‌బ్రూక్. గొంతులో కొత్త ఉత్సాహం.

"మిస్టర్ పాట్, మండలి అత్యవసరంగా సమావేశమైంది. వేసవిలో కొన్ని ఇళ్లకే చెట్ల నీడ ఉంటోంది. నీడ సమన్యాయం మీద ఓటింగ్ జరుగుతోంది. అందరూ చేతులెత్తారు. మీ ఒక్కరిదే మిగిలింది."

పట్టాభిరామయ్య ముగ్గు వంక చూసుకున్నాడు. ఇవాళ రెండువైపులా సమానంగానే వస్తోంది. ఇంకా ఒక రేకు మిగిలింది.

"చెయ్యి ఖాళీ లేదండీ," అని ఆయన మళ్లీ వంగాడు.